మిరపచేలో ఒక సైనికుడి సెలవు

గుంటూరు వెళ్ళి వచ్చానని చెబితే ఎవరైనా మొదట అడిగేది కారం తెచ్చావా అనే. తెచ్చాను. ఇంట్లో దంచిన కారం. విజయనగరంలో మా వీధిలో అందరికీ తలా కాస్త పంచాను కూడా. ఆ కారం ఇచ్చిన ఇంట్లో ఏం జరిగిందో మాత్రం అడిగినవాళ్ళకి ముక్కలు ముక్కలుగా చెబుతూ వచ్చాను. ఇప్పుడు కుదురుగా రాస్తున్నాను.

నేను సైన్యంలో నర్సుగా పనిచేసి మేజర్ హోదాలో రిటైరయ్యాను. జమ్మూ వైపు ఒక ఆస్పత్రిలో ఉన్నప్పుడు కోటేశ్వరరావు నా వార్డులో నర్సింగ్ అసిస్టెంటు. తర్వాత హవల్దారుగా రిటైరై సొంతూరు గుంటూరులో స్థిరపడ్డాడు. ఇప్పుడు మరికొందరు మాజీ సైనికులతో కలిసి చుట్టుపక్కల పల్లెల్లో జవాన్ల ఇళ్ళకి వెళ్తుంటాడు. పెద్దవాళ్ళకి బీపీ, షుగరు చూస్తాడు. ఏ జబ్బుకి ఎక్కడ సైన్యం తరఫున వైద్యం దొరుకుతుందో చెబుతాడు.

"ఆడవాళ్ళు నాతో చెప్పరండీ మేడమ్. ఏమ్మా ఎట్టా ఉందంటే బాగుందంటారు. మీరొకసారి రండి" అని ఫోన్ చేసినప్పుడల్లా అడిగేవాడు. మాఘమాసం మొదట్లో బయల్దేరాను.

మంగళగిరిలో మగ్గం పక్కన

విజయవాడలో రైలు దిగేసరికి కోటేశ్వరరావు ప్లాట్‌ఫాం మీదే నిలబడి ఉన్నాడు. పొట్ట వచ్చింది, జుట్టు పోయింది, నన్ను చూడగానే సెల్యూట్ కొట్టడం మాత్రం మానలేదు. చుట్టుపక్కల వాళ్ళంతా తిరిగి చూశారు.

"చాల్లే, చెయ్యి దించు" అన్నాను.

అతని పాత కారులో మంగళగిరి వెళ్ళాం. కొండ మీది స్వామికి పానకం పోయించి, తిరిగి ఇచ్చిన సగాన్ని సీసాలో పట్టుకున్నాను. మూత సరిగ్గా పెట్టలేదు. కొండ దిగేలోపు పానకమంతా నా చేతిసంచీలోకి కారింది. అక్కణ్ణుంచి నేను తిరిగినన్ని రోజులూ కళ్ళజోడు పెట్టె, రుమాలు, బీపీ మిషను పట్టీ అన్నీ బెల్లం వాసనే. చీమలు కూడా మాతో పాటు పల్లెలన్నీ తిరిగాయి.

కొండ కింద వీధుల్లో మగ్గాల చప్పుడు. కోటేశ్వరరావు నన్ను నాగరత్నం గారి ఇంటికి తీసుకెళ్ళాడు. ఆవిడ మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తూనే మాట్లాడింది. చిన్నకొడుకు సైన్యంలో ఉన్నాడు, ఆ సమయానికి మంచు కొండల మీద.

"వీడియో కాల్ చేస్తాడండీ. నేను మొహం చూడను. కాళ్ళు చూపించరా అంటా. మొహం ఎట్టాగూ నవ్వతానే ఉంటది. కాళ్ళు, చేతులు చూస్తే నాకు తెలిసిపోద్ది."

"మేజోళ్ళు విప్పి చూపిస్తాడా?"

"విప్పకపోతే ఫోన్ పెట్టేస్తా."

మంచుకి నల్లబడిన వేళ్ళు నా సర్వీసులో ఎన్నో చూశాను. చాలామంది నొప్పి పోయిందని సంతోషించి, చెప్పకుండా ఊరుకున్నవాళ్ళే. వేలు తిమ్మిరెక్కినా, రంగు మారినా అక్కడి డాక్టరుకి వెంటనే చూపించుకోమనాలని, వేడి కోసం మంట దగ్గర పెట్టొద్దనాలని ఆవిడకి చెప్పాను. ఆవిడ నేత ఆపి, ఆ రెండు మాటలూ నాతో మళ్ళీ చెప్పించుకుంది. ఆకుపచ్చ అంచు చీర ఒకటి కొన్నాను. కొట్టు ధరకీ ఇంటి దగ్గర ధరకీ ఇంత తేడా ఉంటుందని తెలిసుంటే అంతకుముందు మా ఊళ్ళో కొన్నవి కొనేదాన్ని కాదు.

గుంటూరు భోజనం

కోటేశ్వరరావు భార్య రాజ్యలక్ష్మి వడ్డించిన పండుమిరపకాయల పచ్చడి మొదటి ముద్దకే నా కళ్ళలో నీళ్ళు తెప్పించింది. మా వైపు కూరలో ఆవ పెడతాం, పులుసులో బెల్లం తగలాలి. ఇక్కడ కారానికి తోడు మరో కారం. చప్పగా ఉన్నది పెరుగు ఒక్కటే అనుకుంటే దానికీ నంజుకోడానికి ఊరమిరపకాయ వేసింది.

"ఇదేటి, దీన్లోనూ మిరపకాయేనా?" అన్నాను.

"ఏటి అంటే ఏ ఏరండీ?" అని ఆవిడ నవ్వింది. తర్వాత రెండు రోజులూ నేను నోరు తెరిస్తే చాలు, ఆ ఇంట్లో అందరికీ నవ్వే.

మర్నాడు పొద్దున్నే మిర్చి యార్డు చూస్తానన్నాను. గేటు దాటి పది అడుగులు వేశానో లేదో దగ్గు పట్టుకుంది. మొహానికి కొంగు కప్పుకుని బయటికి పరుగెత్తుకొచ్చాను. లోపల ఆ ఘాటులోనే బస్తాలు మోసేవాళ్ళు మాత్రం హాయిగా కబుర్లు చెప్పుకుంటున్నారు. బయట బండి మీద మజ్జిగ అమ్మే ఆయన నన్ను చూసి అడక్కుండానే గ్లాసు నింపాడు.

పేట దాటిన తర్వాత

చిలకలూరిపేట దగ్గర హైవే మీద పత్తి లారీలు దిబ్బల్లా కదులుతాయి. దారి పొడుగునా తుమ్మచెట్లకి పత్తి పింజలు వేలాడుతున్నాయి. స్పిన్నింగు మిల్లులు దాటి లోపలి రోడ్డెక్కితే రంగు మారిపోతుంది. ఎటు చూసినా కల్లాల్లో ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు. వాటి మధ్య ఆడవాళ్ళు వరసగా కూర్చుని తెల్లబడ్డ తాలుకాయలు ఏరుతున్నారు. మా వైపు కల్లమంటే వడ్లు గుర్తొస్తాయి. ఇక్కడ కల్లం పక్కనుంచి నడిస్తే తుమ్ములు.

మొదట వెళ్ళిన ఇంట్లో ఒక జవాను భార్య నన్ను వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది. ఏడాదిగా తెల్లబట్ట అవుతోందని, అత్తగారితో చెప్పలేక, భర్తకి ఫోన్లో చెప్పలేక ఊరుకున్నానని చెప్పింది. ఏ ఆస్పత్రికి ఏ కార్డుతో వెళ్ళాలో కోటేశ్వరరావు బయట అరుగు మీద అత్తగారికి వివరిస్తున్నాడు. జబ్బు పేరెత్తకుండా, కోడలికి ఒకసారి పరీక్షలు చేయించాలని మాత్రం ఆవిడతో అన్నాను. "ఎల్లుండే పంపిస్తానండీ" అంది. అంత తేలిగ్గా ఒప్పుకుంటుందని కోడలు అనుకోలేదు. నేనూ అనుకోలేదు.

శ్రీను వాళ్ళ ఇల్లు

ఈ ఊరి పేరు రాయను. పేర్లు కూడా మార్చాను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

వెంకయ్య గారికి ఊరవతల మిరపచేను ఉంది. ఆయన భార్య సీతమ్మకి షుగరు. ఒక్కడే కొడుకు శ్రీను సైన్యంలో నాయక్. మేం వెళ్ళిన రోజుకి సెలవు మీద ఇంట్లోనే ఉన్నాడు. కోడలు పద్మ ఉత్తరాదిన కంటోన్మెంటు క్వార్టర్స్‌లో కొన్నాళ్ళు ఉండి వచ్చిన మనిషి, గలగలా మాట్లాడుతుంది. సీతమ్మ వేలి నుంచి రక్తపు చుక్క తీస్తుంటే ఆ చెయ్యి తనే పట్టుకుంది.

"మీ ఆయనేడమ్మా?" అన్నాడు కోటేశ్వరరావు.

"సెలవని పేరేగానీ వచ్చినకాడ్నుంచీ చేలోనే ఉంటన్నారండీ. పూతకి పురుగు పట్టింది. మందు కొట్టే మనుషులు దొరకట్లా. పొద్దున్నుంచీ ఆయనే కొడతన్నారు."

ఆ మాట అంటుండగానే శ్రీను వచ్చాడు. వీపున మందు పంపు, మొహానికి చేతిరుమాలు. పంపు దించి అరుగు మీద కూలబడ్డాడు. చొక్కా వెనక నడుము దాకా తడిసి అంటుకుపోయి ఉంది. అది చెమట అనుకున్నాను. దగ్గరకొచ్చేసరికి మందు వాసన గుప్పుమంది.

"పంపు కారతన్నట్టుంది నాన్నా. వాచరు మార్చాలి" అన్నాడు.

మాట ముద్దగా వచ్చింది. నోట్లో లాలాజలం ఊరి మింగలేకపోతున్నాడు. నన్ను పరిచయం చేస్తే లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. మాఘమాసపు ఎండ అంత చెమట పట్టించే ఎండ కాదు.

"కళ్ళు ఎలా ఉన్నాయి నాయనా?" అని అడిగాను.

"మసగ్గా ఉందండీ. ఎండలో తిరిగా గదా."

కంటిపాపలు చూశాను. నీడలో కూర్చున్నా సూదిమొనల్లా ఉన్నాయి. చెయ్యి పట్టుకుంటే నాడి నెమ్మదిగా కొడుతోంది. ముంజేతి మీద కండరాలు చర్మం కింద పురుగులు పాకినట్టు అదురుతున్నాయి. కోటేశ్వరరావు వైపు చూశాను. అతను అప్పటికే కారు తాళాలు తీసి పట్టుకున్నాడు.

"మందు ఒంటికెక్కింది. ఆస్పత్రికి వెళ్దాం" అన్నాను.

సీతమ్మ మజ్జిగ తెస్తానని లేచింది. వెంకయ్య గారు, "నేను ఇన్నేళ్ళ నుంచి కొడతన్నా, నాకేం కాలేదండీ. కాసేపు పడుకుంటే తగ్గుద్ది" అన్నారు. పద్మ ఒక్కతే మొగుడి మొహంలోకి చూస్తోంది.

"ఆస్పత్రి వద్దండీ" అన్నాడు శ్రీను.

"ఎందుకు వద్దు?"

"అడ్మిట్ అయితే కాగితం మీదికెక్కుద్ది. యూనిట్‌కి తెలిస్తే కేటగిరీ తగ్గిస్తారు. వచ్చే నెల్లో నాకు హవల్దారు క్యాడర్ ఉంది మేడమ్."

సైన్యంలో ఆరోగ్యాన్ని బట్టి ప్రతి మనిషికీ ఒక కేటగిరీ ఉంటుంది. అది తగ్గితే కొన్ని చోట్లకి పంపరు, క్యాడర్ అనే ప్రమోషన్ శిక్షణకి రానివ్వరు. మనిషిని కాపాడటానికి పెట్టిన పద్ధతి అది. దాన్నుంచి తప్పించుకోవడానికి నడుంనొప్పి దాచినవాళ్ళని, చెవి వినపడకపోయినా వినపడుతున్నట్టు నటించినవాళ్ళని వార్డులో చూశాను. ఇలా దాచినవాణ్ణి వాళ్ళింటి అరుగు మీద చూడటం అదే మొదటిసారి.

ఇంకా బతిమాలుతూ కూర్చునే వ్యవధి లేదు. వార్డులో వాడిన గొంతు తీశాను. "నాయక్ శ్రీనివాసరావ్! ఖడే హో జావ్!"

లేచాడు. ఆలోచించి లేవలేదు, అలవాటు కొద్దీ లేచాడు. కోటేశ్వరరావు ఒక పక్క, వెంకయ్య గారు ఒక పక్క పట్టుకుని పెరట్లో నీళ్ళ పంపు దగ్గరికి నడిపించారు. ఉత్త చేతులతో ముట్టుకోవద్దని చెప్పి, ప్లాస్టిక్ సంచులు చేతులకి చుట్టించాను. బట్టలు విప్పించి, సబ్బుతో తల నుంచి పాదాల దాకా నీళ్ళు పోయించాను. చేలో ఏ మందు కలిపాడో ఆ సీసాలు కావాలన్నాను. పద్మ చెప్పులు కూడా వేసుకోకుండా చేలోకి పరుగెత్తింది. రెండు సీసాలు గోతంలో చుట్టి తెచ్చింది.

"రెండూ కలిపి కొట్టాడా?"

"మందుల కొట్టోడు అట్టా కొట్టమన్నాడంటండీ."

పేటకి తిరిగి

వెనక సీట్లో శ్రీనుని పక్కకి తిప్పి పడుకోబెట్టాను. ఒక చివర నేను, ఇంకో చివర పద్మ. ముందు వెంకయ్య గారు. సగం దూరం రాకముందే శ్రీను వాంతి చేసుకున్నాడు. ఊపిరిలో పిల్లికూతలు మొదలయ్యాయి. నోరు తుడుస్తూ, గడ్డం పైకెత్తి పట్టుకుని కూర్చున్నాను. నా దగ్గర బీపీ మిషను తప్ప ఏమీ లేదు. ఇంజెక్షను లేదు, ఆక్సిజన్ లేదు. అన్నేళ్ళు వార్డులో చెయ్యి చాపితే అందేవన్నీ ఆ కారులో లేవు.

మలుపు దగ్గర టిక్కీలనే మిర్చి బస్తాలు వేసుకున్న ట్రాక్టరు ఒకటి రోడ్డుకి అడ్డంగా ఆగి ఉంది. చక్రం గాలి పోయినట్టుంది. కోటేశ్వరరావు హారను కొడుతున్నాడు. ట్రాక్టరు అబ్బాయి చేతులు ఊపుతున్నాడు. వెంకయ్య గారు తలుపు తీసుకుని దిగారు.

"ఒరేయ్! మా వాడు పోయేట్టున్నాడ్రా! తియ్యండ్రా!" అని ఆయన వేసిన కేకకి పక్క కల్లంలో మనుషులంతా లేచారు. నలుగురు ట్రాక్టరు ముందు చక్రాలు తిప్పారు, మిగిలినవాళ్ళు వెనక నుంచి నెట్టారు. కారు పట్టేంత సందు వచ్చింది. తాలుకాయలు ఏరుతున్న ఒక పెద్దావిడ కిటికీలోంచి నీళ్ళ సీసా లోపలికి విసిరింది. ఆవిడ ఎవరో ఇప్పటికీ తెలియదు.

ఆస్పత్రి చిన్నదే. డాక్టరు కుర్రాడే. సీసాలు చూడగానే నన్నేమీ అడగలేదు, ఇంజెక్షను మొదలుపెట్టాడు. ఆ విషానికి విరుగుడు, అట్రోపిన్. నాడి కోలుకునేదాకా, ఊపిరితిత్తుల్లో ఊరుతున్న నీరు ఆరేదాకా ఇస్తూనే ఉండాలి. నేను పక్కనే నిలబడ్డాను. "మీరు కూర్చోండి మేడమ్" అన్నాడు. గోడ వారన బల్ల మీద కూర్చున్నాను.

చీకటి పడేముందు నర్సు బయటికి వచ్చి, మాట్లాడుతున్నాడని చెప్పింది. పద్మ అప్పటిదాకా ఏడవలేదు. అప్పుడు గోడకి ఆనుకుని నేల మీద కూర్చుని ఏడ్చింది.

వరండాలో ఫోను

మర్నాడు పొద్దున కోటేశ్వరరావు ఇడ్లీలు, నెయ్యి కారప్పొడి పట్టుకొచ్చాడు. అందరం వరండాలో తిన్నాం. వెంకయ్య గారు మాత్రం ఇడ్లీ చిదుపుతూ కూర్చున్నారు. డాక్టరు రాత్రే ఆయన రక్తం కూడా పరీక్షకి తీశాడు. మందు ప్రభావం ఆయన ఒంట్లోనూ ఉందట, చాలాకాలంగా ఉండి ఉంటుందట.

"నాకేం కాలేదనుకున్నా" అన్నారాయన.

కోటేశ్వరరావుకి ఆగలేదు. "యూనిట్‌లో గ్యాసు డ్రిల్లుకి మాస్కు లేకుండా వస్తే వీణ్ణి గ్రౌండు చుట్టూ పరిగెత్తిస్తారండీ. ఇంటికొస్తే చేతిరుమాలు! శత్రువు వేసే విషానికి అన్నీ ఉన్నాయి, మనం కొనుక్కున్నదానికి ఏమీ లేదు."

లోపల శ్రీను దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. నేను వెళ్ళగానే మొదట అడిగింది, "ఎవరికీ చెప్పలేదుగా మేడమ్?" అని.

నేను చెప్పలేదు. చెప్పాలనే నా ఉద్దేశం. సెలవులో జబ్బు చేసి ఆస్పత్రిలో చేరితే యూనిట్‌కి తెలియజేయాలి, మిలిటరీ ఆస్పత్రిలో చూపించుకోవాలి. పైగా ఈ విషం తగ్గినట్టే తగ్గి మళ్ళీ కండరాలను, ఊపిరినీ దెబ్బతీస్తుంది. కొన్ని వారాలు కనిపెట్టి ఉండాలి. అదంతా చెప్పాను. శ్రీను వింటూనే తల అడ్డంగా ఊపాడు.

"పన్నెండేళ్ళు పనిచేశా ఈ ప్రమోషన్ కోసం. నెలరోజులు ఓర్చుకుంటే అయిపోద్ది. నేను చూసుకుంటా."

పద్మ మంచం కాళ్ళ దగ్గర నిలబడి ఉంది. "నేను చెప్పేశానండీ" అంది.

ఇద్దరం ఆమె వైపు తిరిగాం.

"పొద్దున్నే యూనిట్‌లో సుబేదార్ సాబ్‌కి ఫోన్ చేశా. ఏం జరిగిందో అంతా చెప్పా. ఆయన ఆస్పత్రి పేరు అడిగితే అదీ చెప్పా."

శ్రీను దిండు పక్కకి తోశాడు. "నా నోట్లో మట్టి కొట్టావు గదే" అన్నాడు.

"కొట్టానండీ. మీరు కొండ మీద డ్యూటీలో ఊపిరాడక పడిపోతే అక్కడ ఈ మేడంగారు ఉంటారా? నాకు హవల్దారు పెళ్ళాన్ని అనిపించుకోవాలని లేదు. నాకు మీరు కావాలి."

శ్రీను గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పద్మ ఇడ్లీ పొట్లం అతని పక్కన పెట్టి బయటికి వచ్చింది. వరండాలో నన్ను అడిగింది, "నేను చేసింది తప్పా అండీ?" అని.

కాదన్నాను. అతని మొహం చూశాక అంత గట్టిగా అనలేకపోయాను.

సీతమ్మ చేతి భోజనం

చీరాల వెళ్ళి సముద్రం చూసి, చీరలు చూసి రావాలని అనుకున్న కార్యక్రమం ఎటో పోయింది. మరో రోజు ఆస్పత్రిలోనే గడిచింది. శ్రీనుని అంబులెన్సులో మిలిటరీ ఆస్పత్రికి మార్చే ఏర్పాటు యూనిట్ వాళ్ళే ఫోన్ల మీద చేశారు. ఆ సుబేదారు నాతో కూడా మాట్లాడాడు. హిందీలో నాలుగు ప్రశ్నలు అడిగి, "బహు నే అచ్ఛా కియా", కోడలు మంచిపని చేసింది అన్నాడు. ఆ మాట పద్మకి చెప్పాను. శ్రీనుకి చెప్పొద్దంది.

తిరిగి వెళ్ళే ముందు సీతమ్మని చూడటానికి ఊళ్ళోకి వెళ్ళాం. కొడుకు నవ్వుతున్న ఫోటో ఫోన్లో చూపించమంది. నవ్వుతున్న ఫోటో లేదు. నిద్రపోతున్నది చూపించాను. అదే చాలంది. గోంగూర పప్పు, దొండకాయ వేపుడు పెట్టింది. నేను తినలేనని కారం తగ్గించి వండానంది. తగ్గిస్తేనే అలా ఉంది.

వెంకయ్య గారు చేను చూపిస్తానని తీసుకెళ్ళారు. సగం మేరకి మందు పడింది, మిగతా సగంలో పూత ముడుచుకుపోయి ఉంది. ఆయన గట్టు మీదే నిలబడ్డారు, లోపలికి దిగలేదు. "ఈ సగం పోతే పోయిందిలెండి" అన్నారు. బయల్దేరేటప్పుడు సీతమ్మ కారం పొట్లం నా ఒళ్ళో పెట్టింది.

ఇంటికి వచ్చాక

శ్రీను కేటగిరీ కొన్ని నెలల పాటు తగ్గించారు. క్యాడర్‌కి అతని బదులు ఇంకొకరు వెళ్ళారు. కాళ్ళలో బలహీనత చాలా రోజులు ఉందని, ఆస్పత్రిలో కనిపెట్టి మందులు మార్చారని పద్మ ఫోన్లో చెప్పింది. కొన్నాళ్ళు శ్రీను ఆమెతో మాట్లాడలేదట. ఫోన్ చేసి వాళ్ళమ్మకి ఇవ్వమనేవాడట. ఒకరోజు ఫోన్ అమ్మకి ఇవ్వకుండా, "మీకు నాతో మాట్లాడాలని లేకపోతే పెట్టెయ్యండి" అని ఈమే అందట. అతను పెట్టలేదట.

ఆ తర్వాత శ్రీను నుంచి నాకు ఫోన్ వచ్చింది. మొదటిసారి. బాగున్నానన్నాడు, మళ్ళీ డ్యూటీ చేస్తున్నానన్నాడు. క్యాడర్‌కి వచ్చే ఏడు వెళ్ళొచ్చన్నారట. తర్వాత అసలు విషయానికి వచ్చాడు.

"మా సెక్షన్‌లో కడప కుర్రాడు ఒకడున్నాడండీ. రెండు వారాల నుంచి ఛాతీ నొప్పి దాచిపెట్టి డ్యూటీకి వస్తన్నాడు. ఎవరికీ చెప్పొద్దని నాతో ఒట్టేయించుకున్నాడు."

"నువ్వేం చేశావు?"

"డాక్టర్ సాబ్ దగ్గరికి నేనే పట్టుకెళ్ళా. గుండెకి ఏదో ఉందని పెద్దాస్పత్రికి పంపించారు. వాడు నాతో మాట్లాడట్లేదు మేడమ్."

"మాట్లాడతాడు" అన్నాను. "వాడికి రోజూ ఫోన్ చెయ్యి."